స్లోలో నిలవని నైట్రో ట్రక్కు

ఈ నెల మా శీర్షికకు వచ్చిన ఉత్తరాలలో ఎక్కువ భాగం ఒకే బాధను చెబుతున్నాయి. పర్లాకిమిడి, గుణుపురం, కొరాపుట్, జయపురం, రాయగడ, బరంపురం ప్రాంతాల తెలుగు పాఠకులు తమ నైట్రో రిమోట్ కంట్రోల్ ట్రక్కుల (మిథనాలు, నైట్రోమీథేను, నూనె కలిసిన ఇంధనంతో నడిచే చిన్న నమూనా బండ్ల) ఇంజన్లు స్లోలో, అంటే రిమోట్ ట్రిగ్గరు వదిలినప్పటి కనీస వేగంలో, నిలబడడం లేదని రాశారు. అందుచేత ఈసారి శీర్షిక మొత్తాన్ని ఆ ఒక్క విషయానికే కేటాయిస్తున్నాము. ఉత్తరాలను కుదించి, పేర్లు లేకుండా ఊళ్ళు మాత్రమే ఇస్తున్నాము.

ప్రశ్న: గురువుగారికి నమస్కారం. నా దగ్గర 3 సీసీ ఇంజను గల ట్రక్కు ఉంది. తాడు లాగగానే స్టార్టవుతుంది. ట్రిగ్గరు వదిలిపెడితే మాత్రం అరనిమిషంలో శబ్దం మెల్లమెల్లగా పడిపోయి ఆగిపోతుంది. మిత్రుడొకరు చెప్పగా ఐడిల్ స్క్రూ బిగించి స్లో పెంచాను. ఇప్పుడు ఆగడం లేదు గానీ, ట్రిగ్గరు ముట్టుకోకుండానే బండి ముందుకు పాకుతోంది. చేత్తో ఆపి ఉంచితే కాలిన వాసన వస్తోంది. కార్బురేటరు మార్చాలా?
— పర్లాకిమిడి

జవాబు: కార్బురేటరు చెడిపోయిందనడానికి మీ ఉత్తరంలో ఒక్క ఆధారమూ కనిపించడం లేదు. ఐడిల్ స్క్రూను మాత్రం ఈ రోజే వెనక్కి తిప్పండి. ఆ స్క్రూకూ ఇంధనానికీ నేరుగా సంబంధం లేదు. ట్రిగ్గరు వదిలినప్పుడు కార్బురేటరు ద్వారం పూర్తిగా మూసుకోకుండా సన్నని సందు మిగిల్చి అడ్డు నిలవడమే దాని పని. ఇంధనం ఎక్కువై ఇంజను ఉక్కిరిబిక్కిరి అవుతున్నప్పుడు ఆ సందు పెంచితే, అదనంగా వెళ్ళిన గాలితో అది అప్పటికి బతుకుతుంది. కానీ వేగం కూడా పెరగడం వల్ల క్లచ్ షూలు విచ్చుకొని, చక్రాలను తిప్పే గిన్నె లాంటి బెల్లును పట్టుకోవడం మొదలుపెడతాయి. మీకు వస్తున్న వాసన ఆ షూలు రాసుకుంటున్న వాసన. స్లో నిలవకపోవడం చాలాసార్లు రోగం కాదు, మరెక్కడో ఉన్న రోగానికి లక్షణం. ఐడిల్ స్క్రూ ఆ లక్షణాన్ని కప్పిపెట్టగలదు తప్ప నయం చేయలేదు. ఈ సంగతి ఈ పేజీలో మళ్ళీ మళ్ళీ చెప్పవలసి వస్తుంది, ఎందుకంటే మాకు రాసిన వారిలో చాలామంది మొదట తిప్పింది ఆ స్క్రూనే.

ఇంజను ఆగే తీరును జాగ్రత్తగా వింటే సగం జవాబు అక్కడే దొరుకుతుంది. మీరు రాసినట్లు శబ్దం క్రమంగా బరువెక్కి, పొగ చిక్కనై, చివరికి మునిగిపోయినట్లు ఆగితే, స్లోలో ఇంధనం ఎక్కువ వెళుతోందని అర్థం. దీనినే మెకానిక్కులు రిచ్ అంటారు. అలా కాకుండా శబ్దం ఉన్నట్టుండి పైకి లేచి టక్కున ఆగితే, ఇంధనం చాలడం లేదు, లేదా ఎక్కడో దొంగగాలి లోపలికి వస్తోంది. అది లీన్. మీది మొదటి రకం.

కార్బురేటరులో ఇంధనాన్ని పెంచి తగ్గించే మరలను నీడిల్స్ అంటారు; నిండు వేగానికి హై స్పీడ్ నీడిల్, స్లోకు లో స్పీడ్ నీడిల్. వాటి జోలికి పోయేముందు మూడు వస్తువులు చూడండి. మొదటిది ఎయిర్ ఫిల్టరు. మహేంద్రతనయ నది ఒడ్డున సన్నని ఇసుకలో నడిపే బండి ఫిల్టరు చూస్తూ ఉండగానే మూసుకుపోతుంది. గాలి తగ్గితే ఇంధనం ఎక్కువైనట్లే గనుక, ఫిల్టరు స్పాంజిని కడిగి ఆరబెట్టి, ఫిల్టరు నూనె పట్టించి, తిరిగి బిగించిన తరువాతే మిగిలిన మాట. రెండవది గ్లో ప్లగ్, అంటే ఎర్రగా కాగిన తీగతో ఇంధనాన్ని మండించే ప్లగ్. దాన్ని విప్పి తీగ వెలుగును చూడాలి. మూడవది ట్రిగ్గరు నుంచి కార్బురేటరు దాకా ఉన్న అమరిక. రిమోట్‌లోని ట్రిమ్ము (ట్రిగ్గరు సున్నా చోటును కొద్దిగా జరిపే మీట) సున్నా దగ్గర ఉండాలి, రిమోట్ ఆజ్ఞకు కదిలే చిన్న మోటారు అయిన సర్వో చెయ్యి నిటారుగా ఉండాలి, ట్రిగ్గరు వదిలినప్పుడు కార్బురేటరు ద్వారం ఐడిల్ స్క్రూను ఆనుకొని నిలవాలి. ట్రిమ్ము ఒక వైపు జరిగి ఉంటే మీరు ఐడిల్ స్క్రూను ఎంత తిప్పినా ద్వారం దాన్ని తాకదు, తిప్పిన శ్రమంతా వృథా. ఇంజను ఆపి, ఫిల్టరు తీసి చూస్తే ఆ సందు కనిపిస్తుంది. 0.7 నుంచి 1 మిల్లీమీటరు వరకు, అంటే కాగితాలకు పెట్టే క్లిప్పు తీగ మందానికి మించకుండా ఉంచండి.

ఆ తరువాత ఇంజనును నాలుగైదు నిమిషాలు నేల మీద నడిపి బాగా వేడెక్కించాలి. చల్లని ఇంజను మీద చేసిన ట్యూనింగు వేడెక్కగానే చెడిపోతుంది. వేడెక్కిన తరువాత ముందుగా హై స్పీడ్ నీడిల్ సరిచేయాలి. మీ బాధ స్లోలో ఉన్నప్పుడు దానితో పని ఏమిటని మీరు అడగవచ్చు. కార్బురేటరులోకి వచ్చే ఇంధనమంతా ముందు ఆ నీడిల్ దాటుకునే రావాలి. అది తప్పుగా ఉంటే లో స్పీడ్ నీడిల్‌ను ఎంత ఓపికగా సరిచేసినా మళ్ళీ మొదటికే వస్తారు. నిండు వేగంతో ఒక తిన్నని దారిలో బండిని పంపి చూడండి. వెనుక సన్నని నీలి పొగ జాడ కనిపించాలి, ప్లగ్ దగ్గర ఇంజను తల వేడి 100 నుంచి 120 డిగ్రీల సెల్సియస్ మధ్య ఉండాలి. వేడి చూసే పరికరం లేకపోతే, తల మీద ఒకే ఒక్క నీటి చుక్క వేయండి. చుక్క మూడు నాలుగు క్షణాలు చిటపటలాడి ఆవిరైతే సరే; పడీ పడగానే మాయమైతే ఇంజను అతిగా కాగింది; అలాగే నిలిచి ఉంటే ఇంకా చల్లగా ఉంది. నీళ్ళు ధారగా పోయకండి, కాగిన లోహం పగలవచ్చు.

ఇప్పుడు లో స్పీడ్ నీడిల్ వంతు. ట్రిగ్గరు వదిలి స్లోలో ఉంచి, కార్బురేటరుకు దగ్గరగా ఇంధనపు గొట్టాన్ని వేళ్ళతో నొక్కి పట్టండి. వేగం కొద్దిగా పెరిగి, మూడు నాలుగు క్షణాల్లో ఇంజను ఆగితే ఆ నీడిల్ సరిగ్గా ఉన్నట్లు. నొక్కిన తరువాత శబ్దం బాగా పైకి లేచి చాలాసేపు నడిచి ఆగితే రిచ్. వేగం ఏమీ పెరగకుండా వెంటనే ఆగిపోతే లీన్. మీ బండిలో రిచ్ లక్షణమే కనిపిస్తుందని నా అంచనా. అప్పుడు ఆ నీడిల్‌ను గడియారపు ముల్లు తిరిగే దిశలో, ఒక గంట ముల్లు జరిగినంత మేర, అంటే పూర్తి చుట్టులో 12వ వంతు మాత్రమే లోపలికి తిప్పండి. తిప్పిన ప్రతిసారీ ట్రిగ్గరు రెండు మూడు మార్లు నొక్కి వదిలి, లోపల నిలిచిన ఇంధనం పోయాక, పది పదిహేను క్షణాలు స్లోలో ఉంచి మళ్ళీ గొట్టం నొక్కి చూడండి. నీడిల్ సరిపడేకొద్దీ స్లో దానంతట అదే పెరుగుతుంది. అలా పెరిగినప్పుడు ఐడిల్ స్క్రూను వెనక్కి విప్పి తగ్గించాలి. చిట్టచివర, బండి చక్రాలు కదలకుండా నిలిచే కనీస వేగం దగ్గర ఆ స్క్రూను వదిలిపెట్టండి.

ఒక హెచ్చరిక మరవకండి. రెండు చక్రాల బండికి వేరే నూనె ఉంటుంది. ఈ చిన్న ఇంజనుకు ఇంధనంలో కలిసిన నూనే దిక్కు. నీడిల్స్‌ను అవసరానికి మించి మూస్తే ఇంధనంతో పాటు నూనె కూడా తగ్గుతుంది, పిస్టను గీతలు పడుతుంది. సందేహం కలిగినప్పుడు కొంచెం రిచ్ వైపే ఉండడం మేలు.

ప్రశ్న: నిండు వేగంతో వచ్చి ట్రిగ్గరు వదిలిన తరువాత కూడా ఇంజను రేసులోనే ఉండి, నాలుగైదు క్షణాలకు గానీ కిందికి దిగడం లేదు. ఒక్కొక్క రోజు బాగుంటుంది, ఒక్కొక్క రోజు ఎంత ట్యూన్ చేసినా వినదు. కార్బురేటరు కొత్తది కూడా కొన్నాను, మార్పు లేదు.
— గుణుపురం

జవాబు: ఒక రోజు బాగుండి మరొక రోజు వినకపోవడమే మీ ఉత్తరంలో అన్నిటికంటే ముఖ్యమైన మాట. నీడిల్ తప్పుగా ఉంటే ప్రతిరోజూ ఒకే తప్పు చేస్తుంది. రోజుకొక తీరుగా ప్రవర్తించే ఇంజనులో ముందు వెతకవలసింది దొంగగాలిని.

గాలి చొరబడే చోట్లు ఎక్కువేమీ ఉండవు. కార్బురేటరు మెడ ఇంజనులోకి దిగే చోట ఓ-రింగు అనే రబ్బరు రింగు ఉంటుంది, అది ఎండి పగులుతుంది, లేదా మెడను పట్టి ఉంచే బోల్టు వదులవుతుంది. మీరు కొత్త కార్బురేటరు బిగించినప్పుడు పాత రింగునే వాడారేమో చూసుకోండి. ఇంజను వెనుక మూత కింద ఉండే గ్యాస్కెట్టు, ప్లగ్ కింది రాగి వాషరు, ముందు బేరింగు తరువాతివి. ముందు బేరింగు చుట్టూ కొద్దిగా నూనె తడి ఉండడం సహజమే. ఫ్లైవీలు వెనుక ఇంధనం చుక్కలుగా కారుతుంటే మాత్రం ఆ బేరింగు అరిగిపోయింది. స్లోలో ఉన్నప్పుడు కార్బురేటరు మెడ చుట్టూ చిక్కని నూనె రెండు చుక్కలు వేసి చూడండి. అంతవరకు ఎగసిన శబ్దం ఒక్కసారిగా కుదుటపడితే లీకు అక్కడే ఉంది. విప్పి తుడిచి, వేడికి ఆగే సిలికాను సన్నగా రాసి, ఒక రాత్రి ఆరనిచ్చి వాడుకోవచ్చు.

ఇంజనులో ఏమీ దొరకకపోతే ట్యాంకు వైపు రండి. సైలెన్సరు నుంచి ఒక గొట్టం ట్యాంకుకు వెళుతుంది. పొగ ఒత్తిడి ఆ గొట్టం ద్వారా ట్యాంకులోకి చేరి, ఇంధనాన్ని కార్బురేటరుకు నెడుతుంది. ఆ గొట్టం చిట్లినా, ట్యాంకు మూత రబ్బరు వదులైనా ఒత్తిడి నిలవదు. ట్యాంకు నిండుగా ఉన్నప్పుడు ఒక తీరుగా, సగమైనప్పుడు మరొక తీరుగా నడిచే బండిలో నేను మొదట చూసేది ఈ మూతనే. ట్యాంకును బండి నుంచి తీసి, ఒక రంధ్రాన్ని వేలితో మూసి, నీటిలో ముంచి, రెండవ రంధ్రానికి తగిలించిన శుభ్రమైన గొట్టంలో ఊదితే బుడగలు వచ్చే చోటు తెలిసిపోతుంది. నోటితో ఊదేముందు ట్యాంకును, గొట్టాన్ని నీటితో బాగా కడగడం తప్పనిసరి, లోపల ఉన్నది విషం.

తాళం వేసి గొళ్ళెం మరచిన సామెత నాకు స్వయంగా అనుభవమే. మొదటి బండి కొన్న ఏడాది నేను కూడా మీలాగే కార్బురేటరు మార్చాను, ప్లగ్‌లు మార్చాను, రెండు వారాలు నిద్ర లేకుండా నీడిల్స్ తిప్పాను. చివరికి తప్పు ఇంధనపు గొట్టంలో దొరికింది. ట్యాంకు మూత అంచుకు రాసుకొని, కంటికి ఆనని సూదిబెజ్జం పడింది. గొట్టం వంగినప్పుడు అది తెరుచుకునేది, చల్లబడ్డాక మూసుకునేది. అప్పటి నుంచి నేను ఏ బండి ముట్టుకున్నా, ముందు గొట్టాలు తీసి నీటిలో ముంచి చూసిన తరువాతే స్క్రూడ్రైవరు పట్టుకుంటాను. గొట్టం కార్బురేటరు వెల కంటే ఎంత చవకో మీకు చెప్పనక్కరలేదు.

ప్రశ్న: కొరాపుట్‌లో చక్కగా ట్యూన్ చేసుకున్న బండిని సంక్రాంతికి సాలూరు తీసుకెళ్ళాను. అక్కడ స్లో ఎక్కువైపోయి, పది నిమిషాల్లో ఇంజను కాగిపోయింది. ఇంధనం అదే సీసా. తిరిగి ఇంటికి వచ్చాక మళ్ళీ మామూలే. ఇది నా భ్రమా?
— కొరాపుట్

జవాబు: భ్రమ కానే కాదు. ఇంత శ్రద్ధగా గమనించినందుకు మిమ్మల్ని అభినందిస్తున్నాను. మన ప్రాంతపు పాఠకులకు తప్ప మైదానంలో ఉండేవారికి ఈ ప్రశ్న పుట్టదు. కొరాపుట్ సముద్రమట్టానికి సుమారు 870 మీటర్ల ఎత్తున ఉంది. పైకి వెళ్ళేకొద్దీ, ప్రతి 100 మీటర్లకు గాలి సాంద్రత రమారమి ఒక శాతం చొప్పున తగ్గుతుంది. కొండ మీది పలచని గాలికి సరిపడేట్లు మీరు నీడిల్స్ అమర్చుకున్నారు. సుంకి ఘాట్ దిగి సాలూరు చేరేసరికి అదే ద్వారం గుండా ఎక్కువ బరువైన గాలి లోపలికి వెళ్ళింది, ఇంధనం మాత్రం పాత లెక్కనే వచ్చింది. అంటే మీరు ఏమీ తిప్పకుండానే ఇంజను లీన్ అయింది. స్లో పెరగడానికీ, కాగడానికీ కారణం అదే. మైదానపు ఎండ గాలిని కొంత పలచబరుస్తుంది గానీ, ఎత్తు తేడాను పూర్తిగా పూడ్చలేదు.

అక్కడ మీరు ఐడిల్ స్క్రూ తగ్గించి ఊరుకున్నట్లయితే పెద్ద ప్రమాదం జరిగేది. స్లో శబ్దం చెవికి బాగానే వినిపిస్తూ, నిండు వేగంలో ఇంజను నూనె చాలక అరిగిపోయేది. ఇకమీద కిందికి దిగినప్పుడు, స్టార్టు చేయకముందే హై స్పీడ్ నీడిల్‌ను గడియారపు ముల్లుకు ఎదురు దిశలో చుట్టులో 8వ వంతు విప్పి, వేడెక్కాక పైన చెప్పిన వరుసలో సరిచూసుకోండి. తిరిగి పైకి వచ్చినప్పుడు వెనక్కి తేవాలి కనుక, ఎంత తిప్పారో ఒక పుస్తకంలో రాసి పెట్టుకోవడం మంచిది.

ఇదే సూత్రం ఋతువులకూ వర్తిస్తుంది. మే నెల మధ్యాహ్నం సరిపోయిన అమరిక పుష్యమాసపు ఉదయం లీన్ అవుతుంది, ఎందుకంటే చల్లని పొడి గాలి బరువైనది. చలి వేళల్లో నీడిల్స్ కొద్దిగా విప్పాలి. వేసవిలోనూ, ఉక్కబోసే వానాకాలంలోనూ కొద్దిగా మూయాలి.

ప్రశ్న: గ్లో స్టార్టరు (ప్లగ్ తీగను వేడిచేసే బ్యాటరీ పరికరం) ప్లగ్ మీద ఉన్నంతసేపు ఇంజను హాయిగా స్లోలో నడుస్తుంది, అది తీసిన వెంటనే ఆగిపోతుంది. ప్లగ్ కొత్తదే. వానలు మొదలైనప్పటి నుంచే ఈ బాధ.
— బరంపురం

జవాబు: ఈ ఇంజనులో మోటారు సైకిలులాగా ప్రతి చుట్టుకూ నిప్పురవ్వ పుట్టించే ఏర్పాటు లేదు. ప్లగ్‌లోని తీగ ప్లాటినం కలిసిన లోహంతో చేసింది. మిథనాలు ఆవిరి దానిని తాకినప్పుడు జరిగే రసాయనిక చర్య, దహనపు వేడి కలిసి ఆ తీగను ఎర్రగా ఉంచుతాయి. బ్యాటరీ కావలసింది స్టార్టు చేసేటప్పుడు మాత్రమే. 1947 ప్రాంతంలో అమెరికాలో రే ఆర్డెన్ ఈ ప్లగ్‌ను ప్రచారంలోకి తెచ్చిన తరువాతే, నమూనా విమానాలవారు బరువైన బ్యాటరీనీ కాయిల్‌నూ మోయడం మానుకున్నారు. స్టార్టరు తీయగానే ఇంజను ఆగిందంటే, తీగ తన వేడిని తాను నిలుపుకోలేకపోతోంది. ఇంధనం ఎక్కువై తీగను తడిపి చల్లార్చడం ఒక కారణం, ప్లగ్ బలహీనపడడం రెండవది, ఇంధనంలో నీరు చేరడం మూడవది.

వానలతో మొదలైందన్నారు కనుక నేను మూడవదాన్ని ముందు అనుమానిస్తాను. మిథనాలు గాలిలోని తేమను పీల్చుకుంటుంది. గోపాలపురం తీరం నుంచి వచ్చే గాలి తగిలే బరంపురంలో మూత సరిగా పెట్టని సీసా కొద్ది వారాల్లోనే పాడవుతుంది. కొత్త సీసా విప్పి ఒక ట్యాంకు నడిపి చూడండి, తేడా వెంటనే తెలుస్తుంది. తెలియకపోతే ప్లగ్ విప్పి స్టార్టరుకు తగిలించండి. తీగ మొత్తం కాంతివంతమైన నారింజ రంగులో వెలగాలి. కొత్త ప్లగ్ అయినంత మాత్రాన సరైనదని అనుకోకూడదు. ఒక్కసారి బాగా లీన్‌గా నడిస్తే తీగ వంకరపోయి బూడిద రంగుకు మారుతుంది. తీగ మెరుస్తూ తడిగా ఉంటే లో స్పీడ్ నీడిల్‌ను కొద్దిగా మూయవలసి ఉంటుంది.

ప్రశ్న: ఇంజను కొత్తది, రెండు ట్యాంకులే నడిచింది. స్లో తగ్గించబోతే ఆగిపోతోంది.
— బరంపురం

జవాబు: ఇప్పుడు తగ్గించకండి. కొత్త ఇంజనులో పిస్టను పైకి వచ్చేసరికి సిలిండరులో బిగుతుగా పట్టేట్లు కావాలనే తయారు చేస్తారు, ఆ బిగుతు సర్దుకోవడానికి నాలుగైదు ట్యాంకులు పడుతుంది. అంతవరకు రిచ్‌గా ఉంచి, స్లో ఒక పిసరు ఎక్కువగానే పెట్టుకొని, నేల మీద మెల్లగా నడపండి. ఐడిల్ స్క్రూ పెంచమని నేను చెప్పే సందర్భం ఇదొక్కటే.

ప్రశ్న: అయ్యా, మా అబ్బాయి ప్లస్ టూ చదువుతున్నాడు. వరండాలో బండిని పీట మీద పెట్టి, చక్రాలు గాలిలో తిప్పుతూ, గంటల తరబడి ఆ స్క్రూలు తిప్పుతుంటాడు. ఇల్లంతా పొగ. స్లో కుదరడం లేదంటాడు. ఇది ప్రమాదమా?
— ఒక తల్లి, రాయగడ

జవాబు: అమ్మా, మీ ఆందోళన న్యాయమైనది. అబ్బాయి శ్రమ ఫలించకపోవడానికి కారణం కూడా మీ ఉత్తరంలోనే ఉంది. పీట మీద చక్రాలకు బరువు ఉండదు కనుక ఇంజను తేలికగా రేసవుతుంది, హై స్పీడ్ నీడిల్ సరిగ్గా ఉందో లేదో తెలియదు. పైగా గాలి తగలకుండా గంటల తరబడి స్లోలో ఉంచితే నూనె పేరుకొని ప్లగ్ మురికి పడుతుంది. అప్పటికి కుదిరిన స్లో నేల మీద దింపగానే చెదిరిపోతుంది. కాబట్టి ట్యూనింగు ఆరుబయట, నేల మీద, రెండు నిమిషాలు నడిపి ఒకసారి సరిచూస్తూ చేయాలని చెప్పండి. పొగలో కార్బన్ మోనాక్సైడు ఉంటుంది, మూసిన గదిలోనూ వరండాలోనూ ఇంజను నడపనివ్వకండి.

ఇంధనం విషయంలో మాత్రం కాస్త గట్టిగానే ఉండండి. దానిలో ప్రధాన భాగం మిథనాలు, కొద్దిగా లోపలికి పోయినా కంటిచూపునూ ప్రాణాన్నీ తీసే విషం అది. చర్మం గుండా కూడా ఒంట్లోకి చేరుతుంది కనుక చేతులకు తొడుగు వేసుకోవాలి. కూల్‌డ్రింకు సీసాలో ఎన్నడూ పోయకూడదు, వంటింటి దరిదాపుల్లో ఉంచకూడదు. ఎవరైనా పొరపాటున మింగితే, బాగానే ఉన్నాడు కదా అని ఎదురుచూడకుండా, ఇంధనపు సీసాతో సహా వెంటనే ఆసుపత్రికి వెళ్ళాలి. మిథనాలు మంట పగటి వెలుగులో దాదాపుగా కంటికి కనిపించదు. నీటిలో కలిసిపోయే ద్రవం కనుక, మంటను నీటితో ఆర్పవచ్చు. ఇంధనం పోసే చోట ఒక బకెట్ నీళ్ళు పెట్టుకోవడం అబ్బాయికి అలవాటు చేయండి.

ప్రశ్న: 10 శాతం నైట్రో ఇంధనం నుంచి 20 శాతానికి మారాను. స్లో ఎక్కువైంది, వేడి పెరిగింది. ఇంధనం దొరకనప్పుడు కొంచెం పెట్రోలు కలపవచ్చా?
— జయపురం

జవాబు: పెట్రోలు ఒక్క చుక్క కూడా కలపకండి. ప్లగ్ తీగను వేడిగా ఉంచేది మిథనాలు, ఆ పని పెట్రోలు చేయదు. సిలికాను గొట్టాలు, రబ్బరు రింగులు ఉబ్బి పాడవుతాయి, గుణుపురం పాఠకుడి బాధలన్నీ మీకూ వస్తాయి.

మొదటి ప్రశ్నకు జవాబు లెక్కలో ఉంది. ఒక గ్రాము మిథనాలు మండడానికి సుమారు 6.4 గ్రాముల గాలి కావాలి. ఒక గ్రాము నైట్రోమీథేనుకు 1.7 గ్రాములు చాలు, ఎందుకంటే తనలో ఆక్సిజనును తానే మోసుకొస్తుంది. అంటే నైట్రో శాతం పెరిగినప్పుడు అదే గాలికి ఇంకా ఎక్కువ ఇంధనం అందించాలి. మీరు సీసా మార్చి నీడిల్స్ మార్చలేదు, ఇంజను లీన్ అయింది. హై స్పీడ్ నీడిల్‌ను 8వ వంతు విప్పి, మళ్ళీ మొదటి నుంచి సరిచూసుకోండి.

ప్రశ్న: స్లో చక్కగా నిలుస్తుంది, గొట్టం నొక్కి చూసినా సరిగ్గానే ఉంది. కానీ బ్రేకు వేసిన ప్రతిసారీ ఇంజను ఆగిపోతుంది. ఐడిల్ స్క్రూ పెంచితే కొంత నయం.
— పర్లాకిమిడి

జవాబు: గొట్టం పరీక్షలో నెగ్గిన తరువాత నీడిల్స్‌ను అనుమానించడం అన్యాయం. బ్రేకుతోనే ఆగుతోందంటే రెండు చోట్ల చూడండి. ఇంజను ఆపి, ఫిల్టరు తీసి, రిమోట్‌లో బ్రేకు నొక్కి కార్బురేటరులోకి చూడండి. సర్వో బ్రేకు వైపు లాగినప్పుడు ద్వారం ఐడిల్ స్క్రూ దగ్గర ఆగకుండా మరింత మూసుకుంటుంటే, సర్వో నుంచి వచ్చే తీగ మీది స్ప్రింగు బిగుతుగా ఉంది. దాన్ని వదులు చేస్తే చాలు.

ద్వారం కదలకుండా నిలిస్తే, తప్పు క్లచ్‌లో ఉంది. షూలను వెనక్కి లాగి ఉంచే స్ప్రింగులు సాగిపోయినా, బెల్లు లోపలి బేరింగు పట్టేసినా, స్లోలో కూడా ఇంజను చక్రాలతో కట్టి వేసినట్లే ఉంటుంది. బ్రేకు చక్రాలను ఆపగానే ఇంజనునూ ఆపేస్తుంది. ఇంజను ఆగి చల్లబడ్డాక బెల్లును వేలితో తిప్పండి. గరగర లేకుండా తేలికగా తిరగాలి. తిరగకపోతే బేరింగులు, స్ప్రింగులు కలిపి ఒకేసారి మార్చి, మీరు పెంచిన ఐడిల్ స్క్రూను పాత చోటికి విప్పండి.